పిలిస్తే పలకడం లేదంటే ముందు చెవులు చూపించండి

ప్రశ్న: మాది పాడేరు ఏజెన్సీలో ఒక కొండ ఊరు. మేం కోందులం, ఇంట్లో కువి మాట్లాడుకుంటాం. మా అన్నయ్య కొడుక్కి నాలుగేళ్లు. అంగన్‌వాడీలో పిలిస్తే పలకడు, కుదురుగా కూర్చోడు, మాటలు తక్కువ. యూట్యూబ్‌లో చూస్తే ఆటిజం అనో, ఏడీహెచ్‌డీ అనో అనిపిస్తోంది. ఊళ్లోకి వచ్చే ఆర్‌ఎంపీ ఒక సిరప్ ఇచ్చాడు, తాగితే కాస్త నెమ్మదిగా ఉంటున్నాడు. దాన్నే వాడొచ్చా? విశాఖలో మంచి థెరపీ సెంటర్ ఏదో చెప్పండి. వాడికి ఏడాది వయసు నుంచి కుడి చెవి అప్పుడప్పుడు కారుతుంది. నిరుడు మలేరియా వచ్చి రెండు రోజులు తెలివి లేకుండా పడి ఉన్నాడు.

జవాబు: మీరు చివర్లో మామూలు విషయంలా రాసిన రెండు ముక్కలే నాకు టెన్షన్ పెట్టాయి. మూడేళ్లుగా చెవి కారుతోంది, మలేరియాలో తెలివి తప్పింది. ఇవి మొదట రాయాల్సిన సంగతులు. ఆటిజమా (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల తేడా), ఏడీహెచ్‌డీయా (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) అనేది ఉత్తరం చదివి ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ ఆ బాబుకి సరిగ్గా వినపడుతోందో లేదో తేల్చకుండా ఆ రెండు పేర్లలో ఏదీ అతని మీద వేయకూడదని మాత్రం గట్టిగా చెప్పగలను.

చెవి కారడం అంటే చాలాసార్లు కర్ణభేరికి చిల్లు పడిందని అర్థం. కుడి చెవి ఒక్కటే కదా, ఎడమది బాగానే ఉంది కదా అనుకోకండి. కారని చెవిలో కూడా కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు చేరి వినికిడి తగ్గిపోతుంది, నొప్పి ఉండదు, బయటికి ఏమీ కనిపించదు. ఇలాంటి పిల్లలకి వినికిడి రోజుకో రకంగా ఉంటుంది. జలుబు చేసినప్పుడు తగ్గుతుంది, తర్వాత కాస్త మెరుగవుతుంది. అందుకే ఒకరోజు పిలిస్తే వస్తాడు, మరో రోజు వెనక నుంచి ఎంత పిలిచినా తిరగడు, పెద్దవాళ్లు మొండితనం అనుకుంటారు. "పళ్లెం కింద పడితే ఉలిక్కిపడతాడండీ, చెవుడు కాదు" అని చాలామంది తల్లులు నాతో అంటారు. పెద్ద చప్పుడు వినపడటం వేరు, పదిమంది పిల్లల గోలలో టీచర్ మాట వినపడటం వేరు.

మన దేశంలో అయిదు చోట్ల, అందులో హైదరాబాద్ కూడా ఒకటి, 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2018లో వచ్చింది. దాదాపు ఎనిమిది మందిలో ఒకరికి ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య ఉంది. అందులో ఎక్కువగా కనిపించినవి వినికిడి లోపం, బుద్ధి వికాసంలో లోపం. ఆస్ట్రేలియాలోని ఆదివాసీ పిల్లల్లోనైతే చెవి కారే జబ్బు ప్రపంచంలోనే బాగా ఎక్కువ, చిన్న వయసులోనే వినికిడి తగ్గి మాటలూ చదువూ వెనకబడటం అక్కడ పెద్ద సమస్య. మన ఏజెన్సీ ఊళ్లలోనూ పొగ నిండిన ఇల్లు, పదే పదే జలుబు, దూరంగా ఆసుపత్రి, ఇవన్నీ చెవికి చెడు చేసేవే.

ఇప్పుడు సిరప్ సంగతి. పేరు రాయలేదు కాబట్టి జాగ్రత్తగా చెబుతున్నాను. అది జలుబు సిరపో, నిద్రమత్తు కలిగించే అలెర్జీ మందో అయితే బాబు నెమ్మదించలేదు, మత్తులో ఉన్నాడు, అంతే. నాలుగేళ్ల పిల్లాడు మత్తుగా ఉంటే మాట నేర్చుకునే సమయం పోతుంది. జలుబు సిరప్‌లలో మామూలుగా కలిపే క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ జోడీని నాలుగేళ్లలోపు పిల్లలకి ఇవ్వొద్దని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023లోనే చెప్పింది. అలాగని సీసా ఇప్పుడే పారేయకండి! మలేరియా తర్వాత ఫిట్స్ కోసం మొదలుపెట్టిన మందైతే ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. సీసా తీసుకుని రేపే పీహెచ్‌సీకి వెళ్లి డాక్టర్‌కి చూపించండి, వాళ్లు చెప్పినట్టు చేయండి.

ఈ విషయంలో నేను కాస్త కఠినంగానే మాట్లాడతాను. చెవి కారితే కొట్టులో దొరికిన చుక్కలు, ఆకు పసరు, వేడి కొబ్బరినూనె, జ్వరం వస్తే ఊళ్లోనే ఒక ఇంజెక్షన్... ఇవి రోజూ చూస్తున్నాను. చెవి చుక్కల మందుల్లో కొన్నింటిని చిల్లు ఉన్న చెవిలో వేస్తే లోపలి చెవి దెబ్బతినొచ్చు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు మోతాదు, రోజులు చూసుకోకుండా ఇస్తే వినికిడి శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. మీ బాబుకి ఇప్పటిదాకా ఏ ఇంజెక్షన్లు ఇచ్చారో అన్నయ్య, వదినలని అడిగి ఒక కాగితం మీద రాసి డాక్టర్‌కి ఇవ్వండి. ఈలోగా శుభ్రమైన మెత్తని నూలుగుడ్డని వత్తిలా చుట్టి చెవి పొడిగా తుడవండి, స్నానంలో నీళ్లు పోనివ్వకండి, డాక్టర్ రాయని ఏ చుక్కా వేయకండి.

మలేరియాలో తెలివి తప్పడం మెదడుకి సోకిన మలేరియా అయి ఉండొచ్చు. బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి తర్వాత ఫిట్స్, మాట, ఏకాగ్రత, ప్రవర్తన సమస్యలు మిగులుతాయి. కాబట్టి ఒకటి గమనించండి. పలకని సమయంలో కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ, రెప్పలు కొట్టుకుంటూ ఉండిపోతాడా? అలా కనిపిస్తే ఫోన్‌లో వీడియో తీయండి, నూరు మాటలకన్నా అది డాక్టర్‌కి ఉపయోగం. జబ్బుకి ముందు వచ్చిన మాటలు తర్వాత పోయాయా అనేది కూడా చెప్పాలి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) పరీక్షలు కూడా ఒకేసారి చేయించుకోండి. రక్తహీనత ఒక్కటి చాలు పిల్లాడి శ్రద్ధ తగ్గడానికి.

భాష గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఇంట్లో కువి విని పెరిగిన పిల్లాడు తెలుగులో "ఇటు రా" అంటే వెంటనే కదలకపోతే అది జబ్బు కాదు. అసలు ప్రశ్న ఏమిటంటే, ఇంట్లో కువిలో అమ్మతో, నాయనమ్మతో తన ఈడు పిల్లల్లా మాట్లాడతాడా? కావాల్సింది వేలితో చూపించి, మీ ముఖం వైపు చూస్తాడా? తాతతో పొలం దగ్గర కాసేపు ఒక పనిలో ఉండగలుగుతాడా? అక్కడ బాగానే ఉండి అంగన్‌వాడీలో మాత్రమే ఇబ్బంది పడుతుంటే ఒక దారి, అది తెలుగు అర్థం కాకపోవడమో, గోలలో వినపడకపోవడమో కావొచ్చు. కువిలో కూడా మాట లేదు, వేలు చూపించడు, ఉత్తుత్తి ఆటలు ఆడడు, పిల్లల మధ్యకి పోడు అంటే ఇంకో దారి, అప్పుడు ఆటిజం పరీక్ష ఆలస్యం చేయకూడదు. కొత్త పెద్దవాళ్ల కళ్లలోకి చూడకపోవడాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఏదీ తేల్చలేం, చాలా ఇళ్లలో పిల్లలు సిగ్గుతో అలాగే ఉంటారు. ఎవరైనా "ఇంట్లో కువి మానేసి తెలుగే మాట్లాడండి" అంటే వినకండి. రెండు భాషలు ఆటిజం తెప్పించవు, మాటని ఆపవు. పరీక్షకి వెళ్లేటప్పుడు కువి, తెలుగు రెండూ బాగా వచ్చిన మీరే వెంట వెళ్లండి.

ఏడీహెచ్‌డీ మాట నాలుగేళ్లకే తొందరపడి అనకూడదు. లక్షణాలు ఇంట్లోనూ బయటా, కనీసం ఆరు నెలలుగా ఉండాలి, చెవి, ఫిట్స్, నిద్ర లాంటి కారణాలు లేవని తేలాలి. ఉన్నా ఈ వయసులో మొదట చేసేది పెద్దవాళ్లకి శిక్షణ, మందు కాదు.

ఎక్కడికి వెళ్లాలంటే, మీ అంగన్‌వాడీకి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఏడాదికి రెండుసార్లు రావాలి, 2013 నుంచి ఉన్న పథకం. వాళ్లొచ్చేదాకా ఆగకండి. ఆశ కార్యకర్తతో, ఏఎన్‌ఎంతో మాట్లాడి డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదల లోపాలు చూసే ప్రభుత్వ కేంద్రానికి రిఫరల్ రాయించుకోండి. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. చెవి లోపల చూసి, వినికిడి పరీక్ష చేస్తారు. నాలుగేళ్ల పిల్లాడికి ఆటలాగా చేసే పరీక్ష ఉంది, సహకరించకపోతే నిద్రలో చేసే బెరా అనే వినికిడి పరీక్ష ఉంది. ప్రైవేటు థెరపీ సెంటర్ పేరు నేను చెప్పను, ఏ లోపానికి థెరపీయో తెలియకుండా నెలనెలా ఫీజు కట్టించడం నాకు ఇష్టం లేదు. వినికిడి బాగానే ఉందని వస్తే "హమ్మయ్య" అని ఇంటికి రాకండి, అదే రోజు ఎదుగుదల పరీక్షకి పేరు రాయించండి, రెండు సమస్యలూ కలిసి కూడా ఉండొచ్చు.

కొండ దిగాలంటే ఒక రోజు కూలి పోతుందని తెలుసు. అయినా ఇంకో పంట కోత అయ్యాక అనకండి. చెవి వెనక వాపు, జ్వరంతో మత్తు, వాంతులు, మెడ బిగుసుకోవడం, ముఖం ఒకవైపు వంకర పోవడం, ఫిట్స్, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే 108కి ఫోన్ చేయండి.