టీవీ కొంటే మనకెందుకమ్మా కోపం?

ప్రశ్న: అక్కా, వందనాలు. మేం కెనడాలో మిసిసాగాలో ఉంటాం. వెళ్ళేది తెల్లవాళ్ళ చర్చికి, మన తెలుగు కుటుంబాలు నాలుగున్నాయి. పోయిన సెప్టెంబర్లో మా సంఘం ఒక సిరియా రెఫ్యూజీ ఫ్యామిలీని స్పాన్సర్ చేసి తెచ్చింది, భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. ఇంటి సామాన్ల డ్యూటీ నాది. మూడో నెల్లోనే వాళ్ళు 55 అంగుళాల టీవీ కొన్నారు, మేం కానుకలు పోగేసి ఇస్తుంటే టీవీలా అని కమిటీలో పెద్ద గొడవ. వాళ్ళు ముస్లింలు, ఒక్క ఆదివారం చర్చికి రాలేదు, క్రిస్మస్ డిన్నర్‌కి పిలిస్తే వచ్చి గంటలో వెళ్ళిపోయారు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం అని నేనే అనేశా మా ఆయనతో. నాది తప్పా? ఇంకోటి, మన తెలుగువాళ్ళం ఐదుగురం కలిసి సొంతంగా ఒక ఫ్యామిలీని తేవచ్చా?

జవాబు: తప్పే చెల్లీ, కాకపోతే అదే తప్పు నేనూ చేశా కాబట్టి నిన్ను తిట్టే మొహం నాకు లేదు. 2016 చలికాలం, 25 వేల మంది సిరియన్లని తెస్తామని కెనడా గవర్నమెంటు చెప్పి ఫిబ్రవరి చివరికల్లా తెచ్చేసిన రోజులు, ఏ చర్చి బేస్‌మెంట్ చూసినా మంచాలు, పరుపులు, డయాపర్ పెట్టెలే. మా సంఘం కూడా ఆరుగురున్న ఫ్యామిలీని తీసుకుంది. వంటిల్లు సర్దింది నేనే, కాఫీ మేకర్, నాన్‌స్టిక్ సెట్టు, డజను పెద్ద మగ్గులు, మన పోపుల డబ్బా కూడా పెట్టేసి తెగ మురిసిపోయా. మర్నాడు వెళ్తే ఆవిడ టీ ఇచ్చింది, అంత పెద్ద మగ్గులో అడుగున రెండు గుక్కలు, పాలు లేవు, చక్కెర మాత్రం బోలెడు. ఇదేం పిసినారితనం అనుకున్నా మనసులో. వాళ్ళు టీ తాగేది చిన్న గాజు గ్లాసుల్లో అని, ఆ మగ్గులిస్తూ ఆవిడే సిగ్గుపడిందని నాకు తెలిసేసరికి నెల పట్టింది, అప్పటికే డాలర్ షాపుకెళ్ళి గ్లాసులు కొనుక్కుంది పాపం. పోపుల డబ్బా నవ్వుతూ నాకే తిరిగిచ్చేసింది.

స్పాన్సర్‌షిప్‌లో వచ్చిన మనిషిది ఇల్లరికం అల్లుడి బతుకమ్మా. ఇల్లు వాళ్ళు చూపించిందే, మంచం వాళ్ళు వేసిందే, ఏం కొన్నా ఎవరో ఒకరు ఎంతైంది అని అడుగుతారు. మీరు ఏడాదికని సంతకం పెట్టారు కదా, ప్రభుత్వ సాయం మీద వచ్చేవాళ్ళకి ఇచ్చే రేటుకి తగ్గకుండా నెలనెలా ఇస్తామని. ఆ డబ్బు వాళ్ళ అకౌంట్‌లో పడ్డాక వాళ్ళది, మీ కానుక కాదు. బడ్జెట్ ఎలా వేసుకోవాలో చూపించండి, రసీదులు మాత్రం అడక్కండి. అసలు ఆ టీవీ ఎందుకు కొన్నారో ఎవరైనా అడిగారా? మా వాళ్ళు కొన్నది అమ్మానాన్నలతో వీడియో కాల్‌కి, ముసలాళ్ళు జోర్డాన్‌లో ఉండిపోయారు, ఫోన్లో మనవల మొహాలు సరిగ్గా ఆనట్లేదని.

చర్చికి రావాలనే కండిషన్ పెట్టడానికి వీల్లేదు, పైకి అనకుండా మొహం మాడ్చుకుని చూపించినా అదీ కండిషనే. ఈ పద్ధతిలో ప్రభుత్వంతో మొట్టమొదటి ఒప్పందం చేసుకుంది 1979లో మెనోనైట్ అనే క్రైస్తవ శాఖ చర్చివాళ్ళు. ఆ 1979, 80ల్లో వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి 60 వేల మంది వచ్చారు, సగం పైగా ఇలా చర్చిలూ మామూలు జనాలూ తెచ్చుకున్నవాళ్ళే, అందులో బౌద్ధులు బోలెడుమంది. 1986లో ఐక్యరాజ్యసమితి వాళ్ళు రెఫ్యూజీలకి సాయం చేసినవాళ్ళకిచ్చే నాన్సెన్ మెడల్ కెనడా ప్రజలందరికీ కలిపి ఇచ్చారు. ఆ మెడలేమీ బాప్తిస్మాలు లెక్కపెట్టి ఇవ్వలేదు కదా.

కమిటీకి కోపం తెచ్చుకోవాలనే ఉంటే పదమూడో నెల మీద తెచ్చుకోమను. ఏడాదికి మీ డబ్బు ఆగుతుంది, వాళ్ళల్లో చాలామంది ఫ్లైట్ టికెట్లకీ మెడికల్ టెస్టులకీ ప్రభుత్వం దగ్గర అప్పు తీసుకుని వస్తారు, దాని వాయిదాలు మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే (2018 నుంచి వడ్డీ లేదు, అదొక్కటే నయం). ఆయనకి ఉద్యోగం, ఆవిడకి లింక్ అని కొత్తగా వచ్చినవాళ్ళకి చెప్పే ఇంగ్లీష్ క్లాసు, అది ఫ్రీ, చైల్డ్ బెనిఫిట్ అప్లికేషన్, ఇవన్నీ అయ్యాయా చూడు. ఇంకో మాట, పిల్లలకి ఇంగ్లీష్ ముందొస్తుంది కదా అని డాక్టర్ దగ్గర వాళ్ళని ట్రాన్స్‌లేటర్లుగా కూర్చోబెట్టొద్దు. మేం కూర్చోబెట్టాం. పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ నెలసరి ఇబ్బంది మగ డాక్టర్‌కి చెప్తూ మధ్యలో ఆగిపోయి నేలకేసి చూసింది, నేను పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా.

మీ ఐదుగురి సంగతి: ఐదుగురు కలిసి స్పాన్సర్ చేసే దారి ఉండేది, 2024 నవంబర్ 29 నుంచి కొత్త అప్లికేషన్లు ఆపేశారు. తెరిచారేమో ఇమిగ్రేషన్ సైట్‌లో చూసుకోండి. లేదంటే ప్రభుత్వంతో ఒప్పందం ఉన్న సంస్థలున్నాయి, ఎక్కువ చర్చివాళ్ళవే, వాళ్ళకీ ఏడాదికింతమంది అని లిమిట్ ఉంటుంది కాబట్టి క్యూలో నిలబడాలి.

ప్రశ్న: మేడమ్, నేను ఇక్కడ చదువుకుని, వర్క్ పర్మిట్ మీద వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేస్తూ పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) కోసం ఎదురుచూస్తున్నా. ఈ చర్చి స్పాన్సర్‌షిప్ వాళ్ళకి దిగీ దిగగానే పీఆర్. ఇదేం న్యాయం?

జవాబు: బాబూ, నీ కోపం నాకర్థమవుతుంది, మా అన్న కొడుకు కూడా స్కోరు చూసుకుంటూ కూర్చున్నాడు. కానీ వాళ్ళు నీ క్యూలో దూరినవాళ్ళు కాదు, రెఫ్యూజీల లెక్క వేరు, నీ పాయింట్ల లెక్క వేరు. వాళ్ళూ వేరే దేశంలో ఏళ్ళకి ఏళ్ళు కూర్చుని ఇంటర్వ్యూ, మెడికల్, సెక్యూరిటీ చెక్ అయ్యాకే విమానం ఎక్కారు. నీకు పీఆర్ రాకపోతే బాధే, కానీ వెళ్ళడానికి అమ్మానాన్న ఉన్న ఊరుంది. ఆ ఫ్యామిలీకి ఊరే పోయింది. మొదటి ఏడాది ఖర్చు కూడా చాలావరకు చర్చి జేబులోంచే. నిన్ను కాలేజీ ఫీజుల కోసం పిలిచి నడిరోడ్డు మీద వదిలేసినవాళ్ళు వేరే ఉన్నారు, ఆ సంగతి ఇంకో వారం రాస్తా.

ప్రశ్న: అమ్మా, మాది కాకినాడ. 12 లక్షలు కడితే కెనడాలో ఒక చర్చి మా అబ్బాయిని రెఫ్యూజీగా స్పాన్సర్ చేస్తుందని ఒకాయన వాట్సాప్‌లో లెటర్ పంపాడు, చర్చి స్టాంప్ కూడా ఉంది. నమ్మొచ్చా?

జవాబు: వద్దండి, ఒక్క రూపాయి ఇవ్వొద్దు. స్పాన్సర్ చేసేవాళ్ళు రెఫ్యూజీ దగ్గర డబ్బు తీసుకోకూడదనేది అక్కడ రూలు, తీసుకుంటే వాళ్ళ స్పాన్సర్‌షిప్పే పోతుంది. రెండోది, అలా వెళ్ళాలంటే మనిషి సొంత దేశం బయట ఉండి తీరాలి, కాకినాడలో ఇంట్లో కూర్చున్న మీ అబ్బాయి ఏ లెక్కనా అందులోకి రాడు. స్టాంపుదేముంది, మీ వీధి చివర జిరాక్స్ షాపులో పావుగంటలో చేసిస్తారు. అడ్వాన్స్ ఏమైనా ఆన్‌లైన్‌లో పంపేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఆ వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి.