డాక్టర్ సలహా: రక్తనాళాలను అడ్డుకుంటే మెదడు కణితి చచ్చిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 58. నిరుడు మెదడులో గ్లియోబ్లాస్టోమా కణితిని ఆపరేషన్ చేసి తీశారు. రేడియేషన్, టెమోజోలమైడ్ మాత్రలు పూర్తయ్యాయి. ఇప్పుడు ఎంఆర్‌ఐలో కణితి మళ్లీ కనిపించింది. బెవాసిజుమాబ్ ఇంజెక్షన్ ఇద్దామంటున్నారు. అది కణితికి రక్తనాళాలు పెరగకుండా ఆపుతుందట. రక్తం అందకపోతే కణితి చచ్చిపోవాలి కదా? పాత బయాప్సీ రిపోర్టులో ‘మైక్రోవాస్కులర్ ప్రొలిఫరేషన్’ అని ఉంది. దానికీ ఈ మందుకూ సంబంధం ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. కణితిలో సన్నని రక్తనాళాలు అడ్డదిడ్డంగా, గుంపులుగా పుట్టుకొచ్చాయని ఆ మాటకు అర్థం. గ్లియోబ్లాస్టోమాను నిర్ధారించడానికి పాథాలజిస్టులు చూసే ముఖ్య లక్షణాల్లో అదొకటి. అదేదో మరో జబ్బని కంగారుపడకండి.

కణితి వేగంగా పెరిగేకొద్దీ లోపలి కణాలకు ఆక్సిజన్ చాలదు. మన కణాల్లో హిఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ ఎప్పుడూ తయారవుతూనే ఉంటుంది, ఆక్సిజన్ సరిపడా ఉన్నంతకాలం నిమిషాల్లోనే నాశనమవుతూ ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ నాశనం ఆగి, హిఫ్ పేరుకుపోయి, వీఈజీఎఫ్ అనే మరో ప్రొటీన్ తయారీని పెంచుతుంది. అది దగ్గరలోని రక్తనాళాల గోడ కణాలపై ఉన్న గ్రాహకాలను తాకగానే అక్కడినుంచి కొత్త కొమ్మలు మొదలవుతాయి. యాంజియోపాయిటిన్-2 అనే ఇంకో ప్రొటీన్ పాత నాళాల గోడల బిగువును సడలించి ఇందుకు తోడ్పడుతుంది. పైగా ఈ కణితుల్లో తరచూ కనిపించే ఈజీఎఫ్ఆర్, పీటీఈఎన్ జన్యు మార్పుల వల్ల ఆక్సిజన్ కొరత లేకపోయినా వీఈజీఎఫ్ ఎక్కువగా తయారవుతుంది.

అయితే 1983లో వీఈజీఎఫ్‌ను మొదట గుర్తించింది నాళాలను పెంచేదిగా కాదు, వాటినుంచి ద్రవం కారేలా చేసేదిగా. రోగిని ఎక్కువగా బాధపెట్టేది కూడా ఆ గుణమే. నాసిరకం గొట్టాల్లా కారే ఆ నాళాల వల్ల చుట్టూ మెదడు వాస్తుంది. తలనొప్పి, మగత, కాలుచేయి బలహీనపడటం చాలావరకు ఆ వాపు వల్లనే.

మీకు వచ్చిన ఆలోచననే 1971లో అమెరికన్ సర్జన్ జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించారు. వీఈజీఎఫ్‌ను పట్టి బంధించే బెవాసిజుమాబ్ దాని ఫలమే. కానీ మెదడు కణితి విషయంలో ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. కణితి మళ్లీ వచ్చినవారిపై యూరప్‌లో జరిపిన అధ్యయన ఫలితాలు 2017లో వచ్చాయి. లోముస్టిన్ అనే కీమో మందుకు బెవాసిజుమాబ్ జోడిస్తే కణితి ముదరకుండా ఉన్న కాలం సుమారు 1.5 నెలల నుంచి 4.2 నెలలకు పెరిగింది. ఆయుష్షులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వీఈజీఎఫ్ దారి మూసేస్తే కణితి ఇతర సంకేతాలను వాడుకుంటుంది, లేదా మెదడులో ముందే ఉన్న మంచి నాళాలను పట్టుకుని పాకుతుంది. వాటిని ఏ మందుతో ఆపగలం?

అలాగని ఇంజెక్షన్ దండగ అనను. వాపు తగ్గి, వాపుకోసం ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ మోతాదు తగ్గించే వీలు కలిగితే నాన్నగారు కొంతకాలం తేలికపడవచ్చు. వాపే ఆయన్ను బాధిస్తోందంటే నేనూ దీనికే మొగ్గుతాను. ఒక్క హెచ్చరిక: మొదటి డోసుల తర్వాత ఎంఆర్‌ఐలో, కాంట్రాస్ట్ మందు నాళాలనుంచి కారినచోట కనిపించే తెల్లటి మెరుపు చటుక్కున తగ్గుతుంది. కారడం ఆగినందువల్ల కూడా అలా కనిపిస్తుంది కనుక, కణితే కరిగిందని అనుకోకండి. స్కాన్‌లో ఫ్లెయిర్ చిత్రాలు (మెరుపు లేకుండా పాకిన కణితిని, వాపును చూపే ఎంఆర్‌ఐ చిత్రాలు) ఎలా ఉన్నాయో డాక్టర్‌ను అడగండి.

మందు మొదలుపెట్టాక బీపీ, మూత్రంలో ప్రొటీన్ క్రమం తప్పకుండా చూపించాలి. ఈ మందు గాయాలను మాననివ్వదు కాబట్టి ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు ఆగి, గాయం పూర్తిగా మానాకే ఇస్తారు. పన్ను పీకించాలన్నా ముందే చెప్పండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే అదీ చెప్పాలి. డెక్సామెథసోన్‌ను మీ అంతట మీరు హఠాత్తుగా ఆపవద్దు. ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, భరించలేని తలనొప్పి లేదా కడుపునొప్పి మొదలైనా మరుసటి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.