ధ్యానం నుంచి లేచి అన్నయ్య మీద అరిచాను

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. ఆరేళ్ల కిందట బౌద్ధం స్వీకరించాను. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాలు రెండు చేశాను, రోజూ తెల్లవారుజామున గంట కూర్చుంటాను. నాలుగు నెలల కిందట మా అన్నయ్య కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక మతంవాళ్లను తిడుతూ మెసేజ్ పెట్టాడు. ఒళ్లు మండి, ‘నీలాంటివాళ్ల వల్లే దేశం ఇలా తగలడింది’ అని అందరి ముందూ రాశాను. అప్పటినుంచి మాట్లాడటం లేదు. అమ్మ ఏడుస్తోంది. ‘ధ్యానం చేసి లేచి అరుస్తావేంటమ్మా’ అంటోంది పదిహేనేళ్ల మా అమ్మాయి. ‘బుద్ధుడు రాజ్యమే వదిలేశాడు, నీకెందుకీ రాజకీయాలు’ అంటారు మావారు. తోటి సాధకులు ఉపేక్షగా, అంటే ఎటూ తూగని సమచిత్తంతో ఉండమన్నారు. ఉండి చూశాను. ఇప్పుడు ఎంత ఘోరమైన వార్త చదివినా ఏమీ అనిపించడం లేదు, అదే భయంగా ఉంది. మొన్న ఒక నిరసన ప్రదర్శనకు వెళ్తే, అక్కడి నినాదాల్లో నా గొంతు కలుస్తుంటే నాకే దడ పుట్టింది. పన్నెండు రోజులు లుంబిని, బోధ్‌గయ, సారనాథ్, కుశీనగర్ తిరిగి రావాలని ఉంది. ఇది పారిపోవడమేనా?

జవాబు: యాత్ర గురించి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ‘ఏమీ అనిపించడం లేదు’ అన్న మాట. మీకు కోపం వచ్చినందుకు నేను బెంగపడటం లేదు.

మీ తోటి సాధకులు చెప్పిన ఉపేక్షా, మీకు పట్టుకున్న మొద్దుబారినతనమూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు విసుద్ధిమగ్గం అనే సాధనా గ్రంథంలో మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల సంతోషానికి సంతోషించడం), ఉపేక్ష అనే నాలుగు బ్రహ్మవిహారాలకూ, అంటే పెంచుకోవాల్సిన ఉత్తమ గుణాలకూ ఇద్దరేసి శత్రువులను చెప్పాడు: ఒకటి దూరపు శత్రువు, ఒకటి దగ్గరి శత్రువు. కరుణకు దూరపు శత్రువు క్రూరత్వం. దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. దగ్గరి శత్రువు దుఃఖంలో కూరుకుపోవడం. అది కరుణ వేషంలోనే వస్తుంది. ఉపేక్షకు దూరపు శత్రువులు రాగం, ద్వేషం. దగ్గరి శత్రువు అజ్ఞానంతో కూడిన ఉదాసీనత, అంటే ‘నాకెందుకులే’. మీ విషయంలో జరిగిన వరస ఇది: వార్తలు చదివి దుఃఖంలో మునిగారు, అది ద్వేషమై అన్నయ్య మీద పడింది, భయపడి ఉపేక్ష అనుకుంటూ ఉదాసీనతలోకి వెళ్లారు. మూడు చోట్లా దగ్గరి శత్రువునో దూరపు శత్రువునో పట్టుకున్నారు, అసలు గుణం మాత్రం చేతికి అందలేదు. ఇది సాధన చేసేవాళ్లకే వచ్చే పొరపాటు. సాధన వృథా అయిందని కాదు.

రెండింటినీ విడదీసి చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. బాధ కలిగించే వార్త ఒకటి చదివి, కళ్లు మూసుకుని, అందులో దెబ్బతిన్న మనిషి ముఖాన్ని ఒక నిమిషం మనసులో నిలపండి. ఆ ముఖం నిలిచి, ఛాతీలో నొప్పి తెలుస్తూ, ఊపిరి మాత్రం తెగకుండా సాగుతుంటే అది ఉపేక్ష. ముఖం నిలవక మనసు ఇంకో పని మీదికి జారిపోతున్నా, ఒళ్లంతా బరువుగా మొద్దుగా ఉన్నా అది ఉదాసీనతే. అలా ఉన్నప్పుడు ఉపేక్ష మీద చేసే ధ్యానం ఆపేయండి. నెల రోజులు మైత్రి ధ్యానం ఒక్కటే, అంటే మనసులో మేలు కోరుకోవడం ఒక్కటే చేయండి, అదీ సంప్రదాయం చెప్పిన వరసలో: ముందు మీకు, తర్వాత మీరు గౌరవించే ఒకరికి, తర్వాత ఏ సంబంధమూ లేని ఒకరికి, చివరికి శత్రువుకు. అన్నయ్య నాలుగో స్థానంలో ఉన్నాడు కాబట్టి మొదటి రోజే అక్కడికి దూకొద్దు. దూకితే మైత్రి మాటల కింద వాదన మొదలవుతుంది.

ఒక హెచ్చరిక. ఈ మొద్దుతనం వార్తల దగ్గరే ఆగకుండా తిండి, నిద్ర, పిల్ల మీద ప్రేమ దాకా పాకి, రెండు వారాలు దాటి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. అలాంటప్పుడు గంట కూర్చోవడాన్ని ఇరవై నిమిషాలకు తగ్గించాలి, మరో పది రోజుల శిబిరానికి పేరు ఇవ్వకూడదు.

ఇక మీ అమ్మాయి ప్రశ్న. అది సరైన ప్రశ్న. శిబిరంలో మొదటి మూడు రోజులు శ్వాస, నాలుగో రోజు నుంచి శరీరంలోని సంవేదనలు చూడటం నేర్పారు. కానీ అక్కడ ఫోను మీ దగ్గర లేదు, ఎవరితోనూ మాట లేదు. గంట కూర్చున్న మనసు మెత్తబడి ఉంటుంది, ఏది తగిలినా లోతుగా తగులుతుంది. ఆ మనసుతో లేచిన వెంటనే ఫోను తెరిస్తే, ఆసనం మీద సన్నని సంవేదనలను గుర్తించినవాళ్లే ముఖంలో కమ్మిన వేడినీ, బిగిసిన దవడనూ గుర్తించరు. తేడా సాధనలో లేదు, లేచాక గడిచే అరగంటలో ఉంది. కాబట్టి కూర్చున్న గంటలో చివరి ఐదు నిమిషాలు మైత్రికి వదలండి. తర్వాత అరగంట ఫోను ముట్టుకోవద్దు. వార్తలు రోజుకు ఒక్కసారి, ఇరవై నిమిషాలు, కూర్చుని చదవండి. పడుకుని, నడుస్తూ, తింటూ చదవొద్దు.

మంట లేచినప్పుడు మూడు ఊపిరులు తీసుకోమని అందరూ చెబుతారు. ఇంత వేడికి అవి చాలవు. శ్వాస లెక్కపెట్టేటప్పుడు ఐదుకు తక్కువ కాకుండా, పది దాటకుండా లెక్కపెట్టమని విసుద్ధిమగ్గం చెబుతుంది. ఐదులోపు ఆపితే మనసు ఇరుకున పడుతుంది, పది దాటితే మనసు శ్వాసను వదిలి అంకెల మీదే ఉంటుంది. పది లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి. అప్పటికీ తగ్గకపోతే లేచి ఇరవై అడుగులు అటూ ఇటూ నడవండి. ఒక్క అడుగూ తప్పకుండా అరికాలి స్పర్శ తెలిసేదాకా నడక ఆపొద్దు. జవాబు రాయాలనిపిస్తే వేరేచోట రాసిపెట్టుకుని, మర్నాటి ధ్యానం అయ్యాక చదవండి.

చదివేటప్పుడు బుద్ధుడి బోధల సంకలనమైన అంగుత్తర నికాయంలోని ఐదు కొలతలు పెట్టుకోండి. మంచి మాటంటే సమయానికి పలికినది, నిజమైనది, మృదువైనది, మేలు చేసేది, మైత్రితో అన్నది. మీరు గ్రూపులో రాసిన వాక్యాన్ని కొలిచి చూడండి. అందరి ముందూ అన్నారు, సమయం కాదు. దేశం ఒక్క మీ అన్నయ్య వల్ల తగలడలేదు కాబట్టి నిజమూ కాదు. మిగతా మూడింటి సంగతి మీకే తెలుసు. అయితే దీన్ని బట్టి నోరు మూసుకోవాలని అనుకోకండి. అభయ రాజకుమారుడు బుద్ధుణ్ని సరిగ్గా ఈ ప్రశ్నే అడిగాడు, ఎదుటివాళ్లకు నచ్చని మాట మీరు అంటారా అని. అప్పుడు రాజకుమారుడి ఒళ్లో పసివాడు ఉన్నాడు. ఈ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. రక్తం వచ్చినా సరే తీసేస్తాను, నాకు వాడి మీద జాలి ఉంది కదా అన్నాడు అభయుడు. నిజమై, మేలు చేసే మాటైతే, వినేవాళ్లకు ఇష్టం లేకపోయినా సమయం చూసి బుద్ధుడు అంటాడు. మీరు రాయి తీయబోయి బిడ్డను కొట్టారు.

అందుకని అన్నయ్యకు ఫోను చేయండి. మెసేజ్ వద్దు, అమ్మను మధ్యవర్తిగా పెట్టొద్దు. ‘అన్నయ్యా, అందరి ముందూ అలా అనడం నా తప్పు, క్షమించు. ఆ మెసేజ్‌లో ఉన్నది మాత్రం నేను ఒప్పుకోను. నీకు వినాలనిపించినప్పుడు ఎందుకో చెబుతాను.’ ఈ మూడు వాక్యాలు చాలు. క్షమాపణనూ అభిప్రాయాన్నీ విడివిడిగా ఉంచండి. ‘తప్పే, కానీ’ అని మొదలుపెడితే క్షమాపణ అక్కడే చచ్చిపోతుంది. అతను అరిచినా ఆ రోజు మెసేజ్ గురించి చర్చలోకి దిగొద్దు.

మీవారి మాటకు ఒక చిన్న సవరణ. బుద్ధుడు సింహాసనం వదిలాడు గానీ రాజులతో మాట్లాడటం వదల్లేదు. రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులూ కోలియులూ అనే రెండు తెగలు కత్తులు దూస్తే మధ్యకు వెళ్లి, నీళ్ల విలువ ఎక్కువా మనుషుల ప్రాణాల విలువ ఎక్కువా అని అడిగాడని ధమ్మపదానికి వ్యాఖ్యానమైన అట్ఠకథ చెబుతుంది. దొంగలను చంపితే దొంగతనం పోదు, రైతుకు విత్తనాలు, వ్యాపారికి పెట్టుబడి, కొలువు చేసేవాడికి జీతం ఇవ్వమని పురోహితుడు రాజుకు చెప్పిన కథ బుద్ధుడి దీర్ఘ బోధల సంకలనమైన దీఘ నికాయంలోని కూటదంత సుత్తంలో ఉంది. ఇవి ఆయనకు వాదన కోసం చెప్పొద్దు. ఇద్దరూ నెమ్మదిగా ఉన్న సాయంత్రం చెప్పండి.

ప్రదర్శనలో మీకు పుట్టిన దడ మంచిది, దాన్ని పోగొట్టుకోకండి. వెళ్లే ముందే ఏ నినాదానికి గొంతు కలపాలో తేల్చుకోండి. ఒక చట్టాన్నో, ఒక నిర్ణయాన్నో, ఒక పనినో వ్యతిరేకించే నినాదం పంచశీలకు, అంటే బౌద్ధులు పాటించే ఐదు నియమాలకు అడ్డురాదు. ఒక మనిషి చావును, ఒక జనం నాశనాన్ని కోరే నినాదం దగ్గర నోరు మూసుకోండి, అది మీ పక్షంవాళ్లదే అయినా సరే. నలుగురితో కలిసి గుంపు అంచున నిలబడండి, అరికాళ్ల మీద ధ్యాస ఉంచండి, ఎన్ని గంటలకు వచ్చేస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. ఆ రాత్రి ఆ వీడియోలు చూడొద్దు. గుంపులో రేగిన ఆవేశం పడుకునేముందు మళ్లీ రాజుకునేది వాటితోనే.

ద్వేషం లేని నిరసనకు మీ ధర్మంలోనే ఒక రూపం ఉంది. 2007 సెప్టెంబరులో మయన్మార్ భిక్షువులు సైనిక పాలకుల దగ్గర, వాళ్ల కుటుంబాల దగ్గర భిక్ష తీసుకోబోమని పాత్రలు బోర్లించారు. అది అప్పటికప్పుడు పుట్టిన ఉపాయం కాదు, భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో ఉన్న సంఘ కర్మ, అంటే సంఘమంతా కలిసి తీసుకునే చర్య. ఒక భిక్షువు మీద అబద్ధపు నింద వేసిన వడ్ఢుడు అనే లిచ్ఛవి తెగ మనిషి విషయంలో మొదట జరిగింది. అతను తప్పు ఒప్పుకోగానే సంఘం పాత్రను మళ్లీ నిలబెట్టింది. నీ చేతి ముద్ద తినను, కానీ నువ్వు మారితే వస్తాను అని దాని అర్థం. గ్రూపులో మీరు చేయాల్సిందీ అదే. ‘ఎవరినైనా ద్వేషించే మెసేజ్‌లు ఇక్కడ చదవను, మీ ఫోనుకు మాత్రం ఎప్పుడైనా పలుకుతాను’ అని ఒక్కసారి రాసి, తర్వాత మాట మీద నిలబడండి.

ఇంకో సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. అదే మయన్మార్‌లో కొందరు భిక్షువులు రోహింగ్యా ముస్లింల మీద విషం చిమ్మారు. 2017 ఆగస్టు తర్వాత సైన్యం చేసిన దాడులకు ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. కాషాయం కట్టినంత మాత్రాన ద్వేషం అంటకుండా ఉండదు. అన్నయ్య మెసేజ్‌ను ఎంత కఠినంగా కొలుస్తారో, మన బౌద్ధుల మాటలనూ అంత కఠినంగానే కొలవండి.

యాత్ర పారిపోవడం కాదు, రెండు షరతులతో. అన్నయ్యకు ఫోను చేశాకే టికెట్లు కొనండి. తిరిగి వచ్చే తేదీ ఇంట్లో అందరికీ తెలియాలి. బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, తొలి బోధ, నిర్యాణం జరిగిన ఆ నాలుగు చోట్లనూ, ఆయన చివరి రోజులు చెప్పే మహాపరినిబ్బాన సుత్తం సంవేగం పుట్టించే స్థలాలంటుంది. ‘కాలం అయిపోతోంది’ అని గుండె ఉలిక్కిపడటం సంవేగం. సేదతీరడానికే వెళ్తే మీకు నిరాశ మిగులుతుంది.

పన్నెండు రోజుల్లో బోధ్‌గయకు నాలుగు రాత్రులు ఇవ్వండి, మిగతాచోట్ల రెండేసి చాలు. గయ స్టేషన్ నుంచి బోధ్‌గయ సుమారు 15 కిలోమీటర్లు, వారణాసి నుంచి సారనాథ్ సుమారు 10. గోరఖ్‌పూర్ నుంచి కుశీనగర్ 50 దాటుతుంది. లుంబినికి గోరఖ్‌పూర్ మీదుగా సునౌలీ సరిహద్దు దాటాలి. పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ దగ్గర ఉండాలి, ఆధార్‌ను నమ్ముకోవద్దు. డిసెంబరు, జనవరిల్లో పొగమంచుకు ఆ దారిలో రైళ్లు గంటల తరబడి ఆలస్యం అవుతాయి. నవంబరు గానీ ఫిబ్రవరి గానీ ఎంచుకోండి. యాత్రికులు ఎక్కువగా దెబ్బతినేది రోజుకో ఊరు పెట్టుకోవడం వల్లే. రైల్లో కళ్లు తెరిచి, వెన్ను ఆనించకుండా, బండి కుదుపు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో చూస్తూ అరగంట కూర్చోండి. సామాను గురించిన భయం లేకుండా చేసే ధ్యానం అది.

అక్కడికి వెళ్లినా రాజకీయం మిమ్మల్ని వదలదు. బోధ్‌గయలోని మహాబోధి ఆలయ నిర్వహణ 1949 నాటి చట్టం ప్రకారం నలుగురు బౌద్ధులూ నలుగురు హిందువులూ ఉన్న కమిటీ చేతిలో, జిల్లా కలెక్టరు అధ్యక్షతన నడుస్తుంది. దాన్ని పూర్తిగా బౌద్ధులకు అప్పగించాలనే డిమాండు చాలాకాలంగా ఉంది. ఎవరైనా కరపత్రం చేతికిస్తే తీసుకుని చదవండి, అభిప్రాయం అక్కడికక్కడే తేల్చుకోనక్కర్లేదు. లుంబినిలో అశోకుడి స్తంభం దగ్గర కాసేపు ఆగండి. పట్టాభిషేకమైన ఇరవై ఏళ్లకు తాను స్వయంగా వచ్చి పూజించానని, ఆ ఊరికి బలి అనే పన్ను ఎత్తేసి, పంటలో వాటాను ఎనిమిదో వంతుకు తగ్గించానని అందులో రాయించాడు. తీర్థయాత్రా, పాలనా ఆ రాతి మీద పక్కపక్కనే ఉన్నాయి.

మీ అమ్మాయితో ఒక పని మొదలుపెట్టండి. తన కొడుకు, ఏడేళ్ల రాహులుణ్ని బుద్ధుడు అద్దం ఎందుకని అడిగి, పని చేసే ముందు, చేస్తుండగా, చేశాక అద్దంలో చూసినట్టు చూసుకోమన్నాడు. అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఈ బోధను భిక్షువులూ గృహస్థులూ తరచూ వినాలని అశోకుడు భాబ్రూ శాసనంలో పేరు పెట్టి చెప్పాడు. రాత్రి పది నిమిషాలు, ముందు మీ వంతు: ‘ఈరోజు నేనన్న మాటల్లో ఒకటి ఎవరినైనా నొప్పించిందా?’ జవాబు మీరే చెప్పండి, ఆమెను వినమనండి. ఆమె వంతు ఆమెకు ఇష్టమైనప్పుడే. అన్నయ్యకు ఫోను చేసిన రాత్రి, ఆయన ఏమన్నాడో ఏమీ దాచకుండా ఆమెకు చెప్పండి.