రాంపేజ్ గేమ్ నాకు పది నిమిషాలకే ఎందుకు బోర్ కొట్టింది?
ఒక్కరే ఆడి ఉంటారు, అసలు విషయం అదే. 1986లో వచ్చిన ఈ ఆర్కేడ్ గేమ్‌ని (నాణెం వేసి ఆడే మెషీన్ గేమ్) ముగ్గురు పక్కపక్కన నిలబడి ఆడేలా తయారుచేశారు, ఒక్కొక్కరికి రాక్షసుడిగా మారిన ఒక్కో మనిషి: గొరిల్లా జార్జ్, బల్లి లిజీ, తోడేలు రాల్ఫ్. బిల్డింగ్ ఎక్కడం, గుద్దడం, కూలేలోపు దూకేయడం, ఊరు మారినా పని అదే, కాబట్టి ఒంటరిగా ఆడినవాళ్లు విసుగొచ్చిందంటే అందులో తప్పేం లేదు. కర్నూలులో ఎండాకాలం సెలవుల్లో మా పెద్దనాన్న కొడుకులతో కూర్చుని ఆడినప్పుడు మాత్రం ఇల్లంతా గోలే, ఎందుకంటే మన దెబ్బ పక్కవాడికీ తగులుతుంది, కిటికీలో కనిపించే తిండి ముందు ఎవరు లాక్కుంటే వాళ్లదే. ప్రాణం అయిపోయిన రాక్షసుడు మళ్లీ మామూలు మనిషై, ఒంటిమీద బట్టల్లేక సిగ్గుతో పక్కకి జరుగుతూ వెళ్లిపోతాడు, అది చూసి మా తమ్ముడు పడీపడీ నవ్వేవాడు. ఇంకో ఇద్దరిని పిలిచి ఒక్కసారి ఆడి చూడండి.