విశాఖ పెరట్లో ఇటుకల పిజ్జా పొయ్యి కట్టుకోవాలంటే

విశాఖపట్నంలో సొంత ఇంటి పెరట్లో ఇటుకలతో పిజ్జా పొయ్యి కట్టుకోవాలని ఉందనీ, దానికి మామూలు మేస్త్రి సరిపోతాడా, ఎంత ఖర్చవుతుందనీ అడిగారు. పెందుర్తి వైపు మా పెరట్లో అటువంటి పొయ్యి కొన్నేళ్లుగా నడుస్తున్నది కనుక ధైర్యంగా చెబుతున్నాను: నిక్షేపంగా కట్టుకోవచ్చు. ఖర్చు మీరు ఎంచుకునే కొలతను బట్టి మారుతుంది కాబట్టి, ఆ డబ్బును దేని మీద పెట్టాలో చెప్పడమే మీకు ఎక్కువ ఉపయోగం. నా లెక్కలో ఈ ఊళ్ళో పొయ్యిని పాడుచేసేది చెమ్మ ఒక్కటే. అందాల గుమ్మటానికి, పైన అతికించే రంగురాళ్ళకు పెట్టే సొమ్మంతా వేడిని నిలిపే పొరకు, వాన పడకుండా కాచే కప్పుకు మళ్ళించాలి.

ఇళ్ళు కట్టే మేస్త్రిని దయచేసి పిలవకండి. వారి పనితనానికి నేను వంక పెట్టడం లేదు గాని, సిమెంటు లేకుండా ఇటుక నిలుస్తుందంటే వారు ఒప్పుకోరు. మామూలు సిమెంటు 400 డిగ్రీలు దాటిన వేడిలో తనలోని సున్నపు భాగానికి పట్టి ఉన్న నీటిని కోల్పోతుంది. చల్లారిన తరువాత గాలిలోని తేమను మళ్ళీ పీల్చుకుని ఉబ్బుతుంది. ఇలా నాలుగు వానాకాలాలు గడిచేసరికి అతుకులు పిండిగా రాలి రొట్టె మీద పడతాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మీరు చేయవలసిన పని ఒకటే. ఇప్పటికీ కట్టెలతో బట్టీ నడిపే బేకరీ ఒకదానిని వెతికి పట్టుకుని, నాలుగు బన్నులు కొని, ఆ బట్టీ కట్టినది ఎవరో అడగండి. బేకరీ బట్టీకి, పిజ్జా పుట్టిన ఇటలీ ఊరు నేపుల్స్ వారి పొయ్యికి సూత్రం ఒకటే. మంట లోపలే మండుతుంది, ఇటుక ఆ వేడిని దాచుకుంటుంది, దాచుకున్న వేడితో పిండి కాలుతుంది. రొట్టెకు నిప్పులు ఊడ్చేసి వేడి తగ్గాక పెడతారు, పిజ్జాకు నిప్పును పక్కకు నెట్టి 450 డిగ్రీల ప్రాంతంలోనే పెడతారు, అంతే తేడా. ఆ వేడిలో పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో కాలుతుంది. ఇంట్లోని కరెంటు ఓవెన్ సాధారణంగా 250 డిగ్రీలతో ఆగిపోతుంది కాబట్టి, దానిలో ఎంత గింజుకున్నా పిజ్జా అంచు అలా పొంగదు.

ఇటుకల విషయంలో మన ఊరు అదృష్టం చేసుకున్నది. ఉక్కు కర్మాగారం ఉన్న చోటు కాబట్టి గాజువాక, ఆటోనగర్ వైపు విచారిస్తే మంటకు తట్టుకునే తొమ్మిది అంగుళాల ఫైర్ బ్రిక్కులు, సిమెంటుకు బదులు వాటిని అతికే ఫైర్ క్లే మట్టి సంచుల్లో దొరుకుతాయి. అయితే అక్కడే ఒక ప్రమాదం కూడా ఉన్నది. పాత ఫర్నేసుల నుంచి ఊడదీసిన ఇటుకలను చవకగా అంటగట్టాలని చూస్తారు. వాటిలో మెగ్నీషియా, క్రోమ్ కలిసిన రకాలు ఉండవచ్చు. వాడకంలో ఆ క్రోమియం విషపు రూపంలోకి మారి ఉండే అవకాశం ఉన్నది కనుక, ఆహారం పెట్టే నేల మీద అటువంటి ఇటుక పరచడం తెలిసి తెలిసి చేయకూడని పని. కొత్త ఇటుకే కొనండి. ఊరంతా ఇళ్ళకు వాడుతున్న బూడిద ఇటుకలను కూడా దరికి రానీయకండి. అవి కాల్చినవి కావు, సిమెంటుతోనో సున్నంతోనో గట్టిపడినవి.

36 అంగుళాల లోపలి వ్యాసం ఉన్న గుమ్మటానికి నేలతో కలిపి 150 ఇటుకల దాకా పడతాయి. బట్టీలు కట్టే మా మేస్త్రి గుండ్రానికి నడుమ ఒక మేకు పాతి, దానికి కట్టిన దారంతోనే ప్రతి ఇటుక వాలునూ సరిచూసుకుంటూ వరుసలు ఎక్కించాడు. గుమ్మటం ఎత్తులో ద్వారం ఎత్తు 63 శాతం ఉండాలన్నది ఈ పొయ్యిలు కట్టేవారిలో చాలామంది పాటించే కొలత. లోపల 18 అంగుళాలుంటే నోరు 11 అంగుళాలకు కాస్త పైన. ఆయనకు శాతాలతో పని లేదు. జానెడు, ఇంకా నాలుగు వేళ్ళు అని చేత్తో కొలిచి చూపిన ఎత్తు సరిగ్గా అంతే వచ్చింది. పొగగొట్టం గుమ్మటం నడినెత్తిన పెట్టకూడదు, ద్వారానికి ముందు పెట్టాలి, లేకపోతే వేడి నేరుగా పైకి పోతుంది. మా ఇద్దరికీ తగాదా వచ్చినది ఒక్క చోటనే. వేడి నిలవడానికి నేల కింద గాజుపెంకులు, కల్లుప్పు పరచాలని ఆయన పట్టు. గాజుకు ఒప్పుకున్నాను, గాలిలోని తేమను పీల్చే ఉప్పును మాత్రం సముద్రం పక్క ఊళ్ళో పొయ్యి కింద పెట్టనివ్వనని గట్టిగా చెప్పాను.

గుమ్మటం పైన వేడిని బయటికి పోనీయని రెండు అంగుళాల సిరామిక్ ఫైబర్ దుప్పటి, దాని మీద వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజం కలిపిన పూత, నేల కింద కూడా వేడి దిగకుండా ఒక పొర తప్పనిసరి. ఇవి లేని పొయ్యి ఎన్ని కట్టెలు వేసినా తాగేస్తుంది. మేడ మీద కట్టుకుంటామనే వారిని చూస్తే నాకు చిరాకు. ఇటుకలే అరటన్ను దాటుతాయి; దిమ్మె, పూతలు కలిపితే ఇంకా బరువు. మనుషులు తిరిగే మేడకు లెక్కలో తీసుకునే భారం చదరపు మీటరుకు 150 కిలోల ప్రాంతమే. అపార్టుమెంటు మేడ మీద పొయ్యి కట్టి, స్లాబు నెర్రె విచ్చిందని కింద ఫ్లాటు వారి మీద కేకలేసిన పెద్దమనిషిని నేను ఎరుగుదును.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆరబెట్టడం. మా పొయ్యి పూర్తయినది తుఫాను వానలు విడవని కార్తీకంలో. అప్పుడే హైదరాబాదు నుంచి మా బావగారు పిజ్జా మీద వేసే జున్ను (చీజ్) పొట్లాలతో సహా దిగారు. ఇటుకల్లో, పూతల్లో దిగిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే సుమారు 1,700 రెట్లు వ్యాపించి గుమ్మటాన్ని చీలుస్తుందని నేను పుస్తకంలో చదివినట్లు వివరించాను, ఆయన వినిపించుకోలేదు. మేస్త్రి మాత్రం రోజూ వచ్చి గుప్పెడు కొబ్బరిపీచు, రెండు కొబ్బరి డొక్కలు వెలిగించి, మంట ఆరి నిప్పులు మిగిలేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు. పొయ్యిలో చెమ్మ మిగిలిందా అని మంట ఉండగా చూస్తే కట్టెలోని నీరే మోసం చేస్తుందట. తరువాత బావినీళ్ళలో ముంచి తుడిచిన స్టీలు పళ్ళేన్ని పొగగొట్టం మూతికి పట్టి, తిప్పి చూసేవాడు. పళ్ళెం నిండా ముత్యాల్లా చెమట. గుమ్మటం పైపూతలో కూడా ఒక పక్క ముదురు మచ్చ, తడిబట్ట ఆరుతున్నట్లు, రోజుకు కొంచెం కుంచించుకుపోయేది.

"ఇంకా నీరుంది బాబూ. ఇయ్యేల కూడా పీచే" అనేవాడు.

"ఇంత పొయ్యి పెట్టుకుని నన్ను మళ్ళీ ఆ కరెంటు పెట్టెలో కాల్చుకు తినమంటావా?" అని బావగారు నా మీద విరుచుకుపడేవారు. మేస్త్రి చలించలేదు, నేనూ ఆయన పక్షమే వహించాను. బావగారు జున్ను మా ఫ్రిజ్‌లో వదిలి తిరుగు రైలెక్కారు. పళ్ళెం పొడిగా వచ్చిన నాడు మొదటిసారి సరుగుడు దుంగలు పెట్టాము. గుమ్మటం లోపలంతా ముందు తారుపూసినట్లు మసి పట్టింది; గంట దాటిన తరువాత నడినెత్తి నుంచి ఆ మసి కాలిపోతూ ఇటుక తెల్లబడటం మొదలై, అంచుల వరకు దిగింది. పొయ్యి కాగినట్లు దానికన్నా నమ్మకమైన గుర్తు లేదు, ఏ మీటరూ అక్కర్లేదు. ఆ గుమ్మటానికి ఈనాటికీ వెంట్రుకంత నెర్రె లేదు. పిల్లలు మాత్రం అంత తపస్సు చేసి కాల్చిన పిజ్జా మీద సీసాలోని టమాటా సాసు కుమ్మరించుకుంటారు, అది వేరే బాధ.

కప్పు వేసేటప్పుడు 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్‌ తుఫానును తలచుకోండి. ఆనాడు ఊళ్ళో రేకులు కాగితాల్లా లేచిపోయాయి. స్తంభాలను పునాదిలోకి దింపి, రేకును బోల్టులతో బిగించండి. ద్వారాన్ని సముద్రపు గాలికి ఎదురుగా పెట్టకండి, పొగ మీ ముఖానికే కొడుతుంది. కట్టె బాగా ఎండిన సరుగుడో, మామిడో, చింతో కావాలి. పచ్చి కట్టె వేస్తేనే పక్కింటివారు పొగ అని గోల చేస్తారు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఎట్టి పరిస్థితిలోనూ లోపల వేయవద్దు. వానాకాలంలో నెలల తరబడి వాడని పొయ్యిని మళ్ళీ వెలిగించే ముందు ఒకటి రెండు రోజులు పీచుమంటతోనే కాచండి. విందుకు పిలిచినవారికి ఆ తరువాతి తేదీ చెప్పండి.