బీర పందిరికి మామిడి ఈగ ఎర పనిచేయదు

ప్రశ్న: అర ఎకరంలో బీర పందిరి వేశాను. పండు ఈగకు మిథైల్ యూజినాల్ (మగ ఈగలను వాసనతో లాగే ఎర) బుట్టలు కట్టాను. ఈగలు కుప్పలుగా పడుతున్నా కాయలు వంకర తిరిగి కుళ్లుతున్నాయి. ఎర నకిలీదేమో అనిపిస్తోంది. ఐదు రోజులకోసారి మందు కొట్టమంటున్నాడు షాపతను. ఏం చేయాలి?
– ఒక రైతు, చేవెళ్ల

జవాబు: ఎర నకిలీది కాదు, మీ పంటది కాదు. మీ బుట్టల్లో పడుతున్నవి చుట్టుపక్కల మామిడి, జామ చెట్ల ఈగలు. బీర, కాకర, దోసలను పాడుచేసేది వేరే జాతి. పట్టుకుని చూడండి: మామిడి ఈగ రెక్క దాదాపు తేటగా ఉంటుంది, బీర ఈగ రెక్క మీద గోధుమరంగు మచ్చలుంటాయి.

మామిడి మగ ఈగ మిథైల్ యూజినాల్‌ను తాగి, ఒంట్లో మార్చుకుని, పొద్దుగూకే వేళ ఆ వాసన వదిలి ఆడ ఈగను పిలుస్తుంది. అందుకే దానికోసం ఎగబడుతుంది. బీర మగ ఈగకు అది పట్టదు. దానికి క్యూ లూర్ అనే వేరే ఎర కావాలి. కొనేటప్పుడు 'పండు ఈగ ఎర' అని కాకుండా క్యూ లూర్ అని పేరు చెప్పి అడగండి.

అర ఎకరానికి 5 బుట్టలు, పూత మొదలయ్యేసరికే పందిరి ఎత్తులో కట్టాలి. సొంతంగా చేసుకుంటే ఆల్కహాల్, క్యూ లూర్, మలాథియాన్ (పురుగుమందు) 6:4:1 పాళ్లలో కలిపి, బుట్టల్లో పెట్టే ప్లైవుడ్ ముక్కలను అందులో 48 గంటలు నానబెట్టండి.

అయితే ఈ రెండు వాసన ఎరల్లో దేనికైనా పడేది మగ ఈగే. గుడ్లు పెట్టే ఆడదానికి బెల్లం ఎర వేయాలి: 10 లీటర్ల నీటికి 100 గ్రా. బెల్లం, 20 మి.లీ. మలాథియాన్ 50 ఇ.సి. కాయలు కోసేశాక, సాయంత్రం పూట, వారానికోసారి, గట్ల మీది మొక్కజొన్న ఆకులపై పెద్ద చుక్కలుగా అక్కడక్కడా చల్లండి. మొక్కజొన్న లేకపోతే ఈసారి పందిరి చుట్టూ రెండు వరుసలు వేయండి.

షాపతని మాట మాత్రం వినకండి. పురుగు కాయ లోపల ఉంటుంది, కోశస్థ దశ (పురుగు ఈగగా మారే ముందు దశ) మట్టిలో ఉంటుంది. పైన కొట్టిన మందు ఈ రెండింటికీ అందదు. చచ్చేది తేనెటీగలు. అవి పోతే పిందె కట్టదు, అప్పుడు దానికీ ఇంకో డబ్బా అంటగడతారు. ఆ మందు కాయలే మర్నాడు హైదరాబాద్ మార్కెట్‌కు వెళ్తున్నాయని గుర్తుంచుకోండి. కొట్టే ముందు ఏ పురుగుకు కొడుతున్నామో తెలియాలి కదా!

పుచ్చిన కాయలను గట్టు మీద పారేయకండి. రోజూ ఏరి రెండడుగుల లోతున పూడ్చండి. పందిరి కింద మట్టిని అప్పుడప్పుడు పైపైన తిరగేయండి. పాత బుట్టలను పక్క మామిడి తోట రైతుకు ఇవ్వండి.