విలియమ్స్ సిండ్రోమ్ ఉన్న పాపకు గుండె ఆపరేషన్: మా అనుభవంలో తెలిసినవి

మూడేళ్ల పాపకు విలియమ్స్ సిండ్రోమ్ ఉందని, గుండె నుంచి ఒంటికంతటికీ రక్తాన్ని తీసుకెళ్లే బృహద్ధమని సన్నబడినందున ఆపరేషన్ చేయాలన్నారని, దాన్ని మీ ఊరికి దగ్గరలోని ఆసుపత్రిలోనే చేయించవచ్చా అని అడిగారు. మా అబ్బాయికి ఇదే సిండ్రోమ్ ఉంది, ఇదే ఆపరేషన్ జరిగింది. నా అభిప్రాయంలో ఆసుపత్రి దూరం కన్నా అక్కడ మత్తు ఇచ్చే వైద్యుల అనుభవం ముఖ్యం.

ఏడో క్రోమోజోమ్‌లో ఒక చిన్న భాగం లోపించడం వల్ల ఈ సిండ్రోమ్ వస్తుంది. అలా పోయిన జన్యువులలో, రక్తనాళాలకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ జన్యువు కూడా ఉంటుంది. అందువల్ల నాళాల గోడలు మందమెక్కి, గుండె కవాటానికి కాస్త పైన బృహద్ధమని ఇరుకవుతుంది. గర్భంతో ఉన్నప్పుడు మీరు తిన్నది గానీ చేసినది గానీ దీనికి కారణం కాదు. బంధువులలో ఎవరైనా అలా అంటే దయచేసి మనసులో పెట్టుకోకండి.

ఊపిరితిత్తులకు వెళ్లే ధమనుల ఇరుకుదనం చాలామంది పిల్లల్లో వయసుతోపాటు తగ్గుతుంది కనుక దానికి వేచి చూస్తారు. బృహద్ధమని ఇరుకు ఎక్కువగా ఉన్నప్పుడు మాత్రం అది పెరిగే అవకాశమే ఎక్కువ. అందుకే ఇరుకైన చోట ధమనిని తెరిచి, ప్యాచ్ కుట్టి వెడల్పు చేస్తారు.

అసలు అపాయం మరొకచోట ఉంది. గుండె కండరానికే రక్తాన్ని అందించే కరోనరీ ధమనుల ముఖద్వారాలు కూడా ఈ పిల్లల్లో కొందరికి సన్నగా ఉంటాయి. ఇరుకు దారిలోకి రక్తాన్ని నెట్టి నెట్టి గుండె కండరం అప్పటికే మందమై ఉంటుంది కనుక, మత్తులో రక్తపోటు పడిపోతే దానికి కావలసిన రక్తం అందక గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చు, అలా ఆగిన గుండెను తిరిగి కొట్టుకునేలా చేయడం కష్టం. ఆపరేషన్‌లోనే కాదు, క్యాథ్ పరీక్షకో (రక్తనాళం గుండా సన్నని గొట్టాన్ని గుండె దాకా పంపి చూసేది) స్కానింగ్‌కో మత్తు ఇచ్చినప్పుడూ ఈ ప్రమాదం ఉంటుంది. కరోనరీల పరిస్థితి ఏ పరీక్షలో తేలింది, విలియమ్స్ పిల్లలకు ఇంతకుముందు మత్తు ఇచ్చారా, అత్యవసరమైతే గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే ఎక్మో యంత్రం సిద్ధంగా ఉంటుందా అని పిల్లల గుండె మత్తు వైద్యులను సూటిగా అడగండి. ఇలా అడిగినందుకు మంచి వైద్యులెవరూ నొచ్చుకోరు. మాకు ఓపికగా బొమ్మ గీసి చెప్పారు.

ఆపరేషన్‌కు ముందు ఎక్కువసేపు కడుపు మాడ్చడం ఈ పిల్లలకు మంచిది కాదు. ఉదయం మొదటి కేసుగా పెట్టగలరా, సెలైన్ ముందే మొదలుపెడతారా అని కనుక్కోండి. కొందరికి రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఇతర పిల్లలకు మామూలుగా వేసే విటమిన్ డి చుక్కలను కూడా డాక్టరును అడగకుండా వేయకండి.

ఖర్చు విషయానికి వస్తే, పుట్టుకతో వచ్చే గుండె జబ్బులకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. మీరు ఎంచుకునే ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఈ పిల్లలకు శబ్దాలంటే భయం ఎక్కువ. ఐసీయూలో మోగే అలారాలకు మా వాడు వణికిపోయేవాడు. నర్సమ్మకు ముందే చెప్పడంతో ఆమె మంచం దగ్గరి మానిటర్ మోత తగ్గించి, వాడితో కబుర్లు చెప్పేది. మీ పాప గురించి కూడా చెప్పి ఉంచండి.

ఆపరేషన్ అయిన తర్వాత కూడా ఏటా ఎకో (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్), రెండు చేతులకూ బీపీ చూపిస్తూ ఉండాలి. ముందుముందు పన్ను తీయించడానికైనా సరే, మత్తు అవసరమైతే గుండె మత్తు వైద్యులున్న చోటికే తీసుకువెళ్లండి.